జోజప్ప ముఖం మీది గుడ్డ

ఈ ఏడు మా గుడిలో పునీతుల బొమ్మలకు ఊదా గుడ్డలు కప్పలేదట. కొత్తగా వచ్చిన ఫాదరు, పాత పద్ధతులు ఇక చాలు, చూసేవాళ్ళను చూడనివ్వండి అన్నాడట. ఈ కబురు మోసుకొచ్చింది రేణుకమ్మ. నిజామాబాద్‌లో మేమిద్దరం ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుడతాం. "కప్పితేంది, కప్పకుంటేంది పిల్లా! నీకెట్లన్న కనవడదు గద" అని పకపకా నవ్వింది. నా చేతిలో ఆకు కత్తిరించే కత్తెర ఉంది. విసురుదామా అనుకున్నాను. పాస్కాకు, అదే ఈస్టరుకు, ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం కదా అని ఊరుకున్నాను.

జాలిపడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ లెక్కన రేణుకమ్మే నయం, ఉన్నమాట ముఖం మీద అంటుంది. కానీ ఆ గుడ్డల మీద మాత్రం నా ముందు ఎవరూ నవ్వకూడదు. అలాంటి గుడ్డ ఒకటి నా ట్రంకు పెట్టెలో ఉంది. నా కళ్ళు ఆఖరుసారి చూసింది దాన్నే.

అప్పుడు మేము బోధన్‌కూ రెంజల్‌కూ నడుమ, చెరుకు తోటల మధ్య ఒక ఊరి చివరి వాడలో ఉండేవాళ్ళం. మా బాపు ఆశన్న, ఊరి పటేలు దగ్గర బండి తోలేవాడు. చెరుకు నరికే కాలం వచ్చిందంటే ఆయన మాకు లేనట్టే. బండి నిండా చెరుకు వేసుకుని బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోవడం, అక్కడ లైన్లో ఎద్దుల పక్కనే తిని ఎద్దుల పక్కనే పడుకోవడం, కాంటా మీద తూకం అయ్యాక తిరిగొచ్చి మళ్ళీ చెరుకు నింపుకోవడం. ఒంటి నిండా తీపి జిడ్డు. మాట తక్కువ మనిషి. ఆయన వాటా మాటలు కూడా మా అవ్వే మాట్లాడేది. మా వైపు నాన్న బాపు, అమ్మ అవ్వ. అవ్వ పేరు సాయవ్వ. నోరు తెరిస్తే వాడంతా వినాల్సిందే.

మేము ముగ్గురం నా చూపు పోవడానికి ముందటి క్రిస్మస్‌కే జ్ఞానస్నానం తీసుకున్నాం. అంతకు ముందు ఎండాకాలం పాలు తాగే మా తమ్ముడు పోయాడు. వాడలో ఉపదేశి శౌరయ్య అని ఒకాయన ఉండేవాడు. ఫాదరు నెలకొకసారి, పండుగలకు వస్తే, మిగతా రోజుల్లో ప్రార్థన చెప్పేది, పిల్లలకు జపాలు నేర్పేది ఆయనే. ఆయన పిలవకుండానే వచ్చి బాపుతో కలిసి గుంత తవ్వాడు. తవ్వి పోలేదు. పొద్దుగూకే దాకా మా గడప ముందు ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నాడు. "గా మనిషి దేవుడెవ్వలో నాకు గాయినె గావాలె" అని అవ్వ పట్టుబట్టింది. మేము క్రైస్తవంలో కలిసిన కథ ఇంతే. పెద్ద కథేం కాదు.

బాపు తల్లి హన్మవ్వ, నా బాపమ్మ, మాత్రం కలవలేదు. పోచమ్మ తల్లి పేరున నాకు పోశవ్వ అని పేరు పెట్టింది ఆమే. గుడిలో దాన్ని తెరేజమ్మ అని మార్చినప్పుడు బయట చింత చెట్టు కింద కూర్చుని ముక్కు చీదుకుంటూ ఉంది. "పేరు మారిస్తె తల్లి మర్సిపోతదా? యాది వెట్టుకుంటది" అంది నాతో. నేను నవ్వాను. చిన్నపిల్లను, నవ్వక ఏం చేస్తాను?

మా గుడి పెంకుల కొట్టం. లోపల మరియతల్లి, అంతోనివారు, యేసును పెంచిన తండ్రి జోజప్ప. నాకు జోజప్పే ఇష్టం. మరియతల్లి మరీ తెల్లగా ఉండేది, దగ్గరికి పోవాలంటే కాళ్ళు కడుక్కోవాలనిపించేది. జోజప్ప అలా కాదు. ముక్కు కొస పెచ్చు ఊడి, భుజాలు కాస్త వంగి, కాంటా దగ్గర రెండు రోజులు నిలబడి వచ్చిన మా బాపులా ఉండేవాడు.

తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం సిలువ మార్గం ప్రార్థన అయిపోయాక శౌరయ్య ఒక పునీతుల కథ చెప్పేవాడు. ఆయనది గుంటూరు వైపు. ఆ మాట మాకు పాటలా ఉండేది. ఇనుప కమ్ముల మీద పడుకోబెట్టి కాల్చినా దేవుణ్ణి విడవని లౌరెంజువారి కథ చెప్పాక నేను రెండు రోజులు పొయ్యి దగ్గరికి పోలేదు. ఇంకో శుక్రవారం మోనికమ్మ కథ చెప్పాడు. దారి తప్పిన కొడుకు కోసం ఆ తల్లి ఏళ్ళ తరబడి ఏడ్చిందట, ఆఖరికి కొడుకు మారి తానే పునీతుడయ్యాడట. ఆ కథ మా అవ్వకు పట్టుకుంది. ఇంటికొస్తూ దారి పొడుగునా అదే. "సూసినవా బిడ్డా, ఇడువకుంట ఏడ్సింది, ఇచ్చిండు. ఇడువొద్దు. దేవునెంబడి వడాలె. ఇయ్యక ఏడికి వోతడు?"

మా అవ్వ దృష్టిలో పునీతులంటే దేవుడి దగ్గర పని చేయించుకోవడం తెలిసినవాళ్ళు. పట్వారి దగ్గర పని చేయించుకునేవాళ్ళు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉంటారు చూడండి, అలాగన్నమాట.

ఆ రోజుల్లోనే ఊళ్ళోకి మశూచి టీకాలవాళ్ళు వచ్చారు. అవ్వ చెరుకు కోతకు పోయింది. బాపమ్మ నన్ను రెక్క పట్టుకుని తోటలోకి లాక్కుపోయి, సాళ్ళ మధ్య పండబెట్టి, మీద ఎండుటాకు కప్పింది. సూది పొడిస్తే పోచమ్మ తల్లికి కోపం వస్తుందని ఆమె భయం. "మీ అవ్వకు సెప్పకు" అని ఒక చెరుకు గడ చేతిలో పెట్టింది. ఆకుల కింద పడుకుని గడ మొత్తం నమిలి పడేశాను. టీకాలవాళ్ళు పోయారు. అంత మంచి దాగుడుమూతలు నేను మళ్ళీ ఆడలేదు.

తర్వాత జ్వరం వచ్చింది. ఆ తర్వాత ఒళ్ళంతా పొక్కులు. అమ్మవారు పోసింది.

పొక్కులు లేచినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు, లేవనివాళ్ళకు ఎంత చెప్పినా తెలియదు. పక్క మీద వేపాకు పరిచారు. ఒరిగితే మంట, ఒరగకపోతే మంట. వాడవాళ్ళు మా ఇంటి ముందు నుంచి నడవడం మానేశారు. బాపును పటేలు ఊళ్ళోకి రావద్దన్నాడు. ఆయన ఫ్యాక్టరీ దగ్గరే ఉండిపోయి, వచ్చేపోయే బండ్లవాళ్ళ చేత చక్కెర పొట్లాలు పంపేవాడు. పాపం, ఆయనకు తెలిసింది అదొక్కటే.

బాపమ్మ నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చేది. "తల్లి తన పేరు తాను అడుగనీకి వచ్చింది సాయవ్వా. ఒక్కపారి పోశవ్వా అని పిల్వు. గింత బోనం జేద్దాం."

"జేస్కో అత్తా, నేనేం వద్దనలే. పేరు మాత్రం మారదు. ఓపారి ఇచ్చిన" అంది అవ్వ. బాపమ్మ బోనం వండి పోచమ్మ దగ్గరికి పోయింది. అవ్వ గుడి వెనక కిటికీ దగ్గరికి పోయింది. అంటుకునే జబ్బు కదా, లోపలికి రావద్దన్నారు. పొద్దున్నే కిటికీ ఊచలు పట్టుకుని లోపలి జోజప్పతో పంచాయితీ పెట్టుకునేది. నేను ఉండే గుడిసెకు కూడా వినబడేది ఆ గొంతు. "నువ్వు గూడ ఒక బిడ్డను సాదినవు గద! నీకు ఎరుక లేదా? మాట్లాడవేంది? మా ఇంట్ల ఒకాయన ఉన్నడు, గిట్లనే మాట్లాడడు. నీ అసొంటోళ్ళతోని ఎట్ల మాట్లాడియ్యాల్నో నాకు ఎరుకే!"

పొక్కులు కళ్ళలోకి దిగాయి. నిజామాబాద్ నుంచి ఒక సిస్టరమ్మ వచ్చి చుక్కల మందు వేసింది. ప్రాణానికి భయం లేదంది. కళ్ళ మాట అడిగితే చాలాసేపు నా రెప్పలు ఎత్తి చూసింది. "వెలుగు తగలనీయకండి. పాస్కా పండుగ నాటికి పుండ్లు మానుతాయి. చూపు ఉందో లేదో అప్పుడు గానీ తెలియదు" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇంకో మాట లేదు. పాస్కా నాటికి పిల్లకు కనబడాలి. అవ్వ ఉప్పు మానేసింది, చెప్పులు మానేసింది, కిటికీ దగ్గర ఇంకా గట్టిగా అరవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు గుడ్డల సంగతి. తపస్సు కాలం ఐదో ఆదివారం నుంచి పాస్కా దాకా బొమ్మలన్నింటికీ తల నుంచి పాదాల దాకా ఊదా గుడ్డ కప్పేవారు. పుట్టు క్రైస్తవులకు ఇది తెలిసిన సంగతే. మాకు అదే మొదటి తపస్సు కాలం. మాకెవరూ చెప్పలేదు.

ఆ ఆదివారం పొద్దున అవ్వ ఎప్పటిలాగే కిటికీ దగ్గరికి పోయింది. లోపల జనం ప్రార్థనలో ఉన్నారు. జోజప్ప ఉండే చోట ఊదా రంగు మూట నిలబడి ఉంది. మా ఇళ్ళలో చావైతే దేవుడి గూటికి గుడ్డ కట్టేస్తారు. దినాలయ్యే దాకా ఆయన మా ముఖం చూడడు, మేము ఆయన ముఖం చూడం. తమ్ముడు పోయినప్పుడు బాపమ్మ అలాగే కట్టింది. మరి ఇక్కడ ఎవరు పోయారని కట్టారు? ఎవరూ పోలేదు. అంటే పోబోయేది ఎవరు?

అవ్వ లోపలికి దూసుకుపోయింది. జనం పిల్లల్ని ఎత్తుకుని గోడలకు అతుక్కుపోయారట, మా ఇంటి గాలి తగులుతుందని. ఆమె సరాసరి పోయి జోజప్ప మీది గుడ్డ పట్టుకుని గుంజింది. కట్టిన తాడు తెగింది, బొమ్మ ఊగింది, శౌరయ్య పట్టుకోకపోతే పడి ముక్కలయ్యేదే. "నా బిడ్డ ఇంక సావలే! బతికే ఉన్నది! ఎవ్వలు గట్టమన్నరు మీకు? ఎందుకు మొకం దాసుకుంటున్నడు?" అని అరిచి, ఆ గుడ్డ పట్టుకుని పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చింది. నేను ఇవేవీ చూడలేదు. బాపమ్మ, వాడవాళ్ళు చెప్పీ చెప్పీ నాకు చూసినట్టే అయింది.

నేను చూసింది ఇది. గుడిసె తడిక దబ్బున తెరుచుకుంది. వాచిపోయిన నా రెప్పల సందులోంచి వెలుగు సూదిలా దిగింది. ఆ వెలుగులో అవ్వ ఆకారం, అవ్వ చేతిలో ఊదా రంగు. వంకాయ రంగు కంటే కాస్త లేత. నొప్పికి కళ్ళు మూసుకున్నాను. తర్వాత అవి తెరుచుకున్నా, మూసుకున్నా నాకు ఒక్కటే అయింది.

కాసేపటికి శౌరయ్య వచ్చాడు. గడప దగ్గర ఆగలేదు. లోపలికొచ్చి నా పక్క మీది వేపాకు కొంచెం జరిపి నేల మీద కూర్చున్నాడు. ఆయన ఒంటి మీద గుడిలో వెలిగించే సాంబ్రాణి వాసన.

"గుడ్డ కోసమొచ్చినవా? ఇయ్యనే ఇయ్య" అంది అవ్వ.

"గుడ్డ కోసం కాదమ్మా."

"మరి నా బిడ్డ పోతదని సెప్పనీకొచ్చినవా? మీకు ముందుగాల్నె ఎరుకై కప్పిండ్రు గద!" అని గూటికి గుడ్డ కట్టే సంగతంతా ఏకరువు పెట్టింది.

శౌరయ్య అంతా విన్నాడు. "తప్పు నాదేనమ్మా" అన్నాడు. "ఏటేటా కప్పేవాణ్ణి, కొత్తవాళ్ళకి ఎందుకో చెప్పాలని తోచనే లేదు. అది చావు గుడ్డ కాదు. ఈ రెండు వారాలూ వాళ్ళు మనకి కనబడరు. కనబడకపోయినా గుడ్డ వెనక అక్కడే ఉంటారు, ఎక్కడికీ పోరు. అది నమ్మి నిలబడడం నేర్చుకోవాలని కప్పుతారు."

"కనవడకుంటె ఉన్నడని ఎట్ల ఎరుక?"

ఆయన వేపరెమ్మ ఒకటి తీసి నా మీది ఈగల్ని తోలడం మొదలుపెట్టాడు. అవ్వ ఊరుకునే మనిషా! "నువ్వు శుక్రారం శుక్రారం కథలు సెప్తివి. మోనికమ్మకు దొరికింది, సరే. తక్కినోళ్ళకో? అడిగింది దొరికిందా?"

"చాలామందికి దొరకలేదు."

"గది ముందుగాల ఎందుకు సెప్పలే?"

"చెబితే వినడానికి ఎవరొస్తారమ్మా?" అన్నాడు శౌరయ్య. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. పెదవి మీది పొక్కు చిట్లింది.

"నీ సంగతేంది? నీకు దొరికిందా?" అంది అవ్వ.

వేపరెమ్మ ఊపు ఆగింది. "మా ఆవిడా, పిల్లాడూ ఒక్క వారంలో పోయారు. కలరా. ఆ వారమంతా నేను జోజప్పగారి ముందే పడి ఉన్నాను. వాళ్ళు పోయాక ఆ ఊళ్ళో ఉండలేకపోయాను. ఇక్కడ ఉపదేశి కావాలన్నారు. లేచి వచ్చేశాను."

"గింత దూరమా?"

"ఎంత దూరమో అడగలేదమ్మా. జోజప్పగారూ అడగలేదు. పసిబిడ్డని చంపడానికి మనుషులొస్తున్నారు, లేచి తల్లినీ బిడ్డనీ తీసుకుని పరాయి దేశం పొమ్మని ఆయనకి కలలో కబురొచ్చింది. దారిలో ఏం తినాలో చెప్పలేదు, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పలేదు. ఆయన ఒక్క మాట మాట్లాడినట్టు కూడా ఎక్కడా లేదు. లేచాడు, పోయాడు. పునీతుల గురించి నాకు నిజంగా తెలిసింది ఇంతేనమ్మా. మిగతావన్నీ మీరు నిద్రపోకుండా ఉండాలని చెప్పినవి."

"లేసి పోయిండు" అంది అవ్వ మెల్లగా. ఆమె అంత మెల్లగా మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు.

శౌరయ్య గుడ్డ అడగకుండానే వెళ్ళిపోయాడు. పోయి తన భుజం మీది తువ్వాల తీసి జోజప్పకు కప్పాడట. అది మోకాళ్ళ దాకే వచ్చిందట. ఊదా గుడ్డల నడుమ మాసిన తువ్వాల కట్టుకుని జోజప్ప నిలబడ్డాడని వాడంతా చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ పై వారం మట్టల ఆదివారానికి వచ్చిన ఫాదరు అడిగితే, "బట్ట తక్కువైందండీ" అన్నాడట మా ఉపదేశి.

ఆ ఊదా గుడ్డను అవ్వ నాలుగు మడతలు పెట్టి, వెలుగు తగలకుండా నా కళ్ళకు కట్టింది. "గుడిల ఆయన మొకం మీది గుడ్డ తీసిన్నాడు నీది గూడ తీస్త బిడ్డా. గప్పటిదాక ముట్టద్దు" అంది. నేను గట్టిగా పట్టుకున్నాను ఆ మాటను. పాస్కా నాడు జోజప్ప ముఖం మీద గుడ్డ పోతుంది, నా ముఖం మీద గుడ్డ పోతుంది, ఇద్దరం ఒకరినొకరం చూసుకుంటాం. నాకు అందులో అనుమానమే లేదు.

అవ్వ పొద్దున్నే కిటికీ దగ్గరికి పోవడం మానలేదు. కానీ గొంతు వినబడడం మానేసింది. తిరిగొచ్చాక అడిగేదాన్ని. "ఏం అడిగినవవ్వా?"

"ఏం అడుగలే."

"మరేం జేసినవు?"

"నిలవడ్డ."

నాకు కోపం వచ్చేది. అరిచే అవ్వే బాగుండేది. ఆ అవ్వ ఎంతకైనా తెగించి నా కళ్ళు లాక్కొస్తుందని ధైర్యం ఉండేది.

యేసును సిలువ వేసిన పెద్ద శుక్రవారం నాటి మధ్యాహ్నం బాపమ్మ ఇక దాచుకోలేకపోయింది. అవ్వ గంజి వారుస్తోంది. "సాయవ్వా, టీకాలోళ్ళు వచ్చిన్నాడు పిల్లను నేనే తోటల దాసిన" అంది. గిన్నె చప్పుడు ఆగిపోయింది. నేను పక్క మీద బిగుసుకుపోయాను. అవ్వ చేతిలో వేడి గిన్నె ఉంది, అవ్వ కోపం నాకు తెలుసు. ముసలిది ఇవాళ బతకదనుకున్నాను. బయట ఎవరిదో ఎద్దు మెడగంటలు పోతూ పోతూ వినబడకుండా పోయాయి. అప్పటికి అవ్వ కదిలింది. నేల మీద గిన్నె పెట్టిన చప్పుడు.

"తిను అత్తా" అంది. "పొద్దటి సంది ఏం తినలే నువ్వు."

బాపమ్మ ఆ గంజి తాగిందో లేదో నాకు తెలియదు. ఏడుపు మాత్రం చాలాసేపు వినబడింది.

పాస్కా నాటికి నా పొక్కులు ఎండి రాలిపోయాయి. గుడికి తీసుకురావచ్చని సిస్టరమ్మ చెప్పిందట. అవ్వ నాకు తలకు పోసి, క్రిస్మస్‌కు కుట్టించిన గౌను వేసింది. అది వదులైపోయింది. కళ్ళకు గుడ్డతోనే నడిపించుకుపోయింది. వెనక ఇంకో కాళ్ళ చప్పుడు. బాపమ్మ! ఎన్నడూ చింత చెట్టు దాటి రాని మనిషి గుడి లోపలికొచ్చి నా పక్కన చతికిలబడింది. బాపు బోధన్ నుంచి ఇంకా చేరుకోలేదు. జనం మాకు కాస్త ఎడంగానే కూర్చున్నారు, గొంతులు దూరం నుంచి వచ్చేవి.

పూజకు ముందు శౌరయ్య గుడ్డలు తీయడం మొదలుపెట్టాడు. మరియతల్లి గుడ్డ జారిన చప్పుడు, మెత్తగా. అంతోనివారి గుడ్డ. ఆ తర్వాత ఆయన అడుగులు మా వైపు గోడ దగ్గరికి వచ్చాయి. తువ్వాలను ఒకసారి దులిపి భుజాన వేసుకున్న చప్పుడు. గంట మోగింది. అందరూ పాట అందుకున్నారు.

అవ్వ వేళ్ళు నా తల వెనక ముడి మీద పనిచేస్తున్నాయి. వణుకుతున్నాయి. ముడి రాలేదు. పళ్ళతో లాగింది, ఊపిరి నా మెడకు వేడిగా తగిలింది. తర్వాత ఆమె కదలడం ఆగిపోయింది. నేను కళ్ళు పెద్దవి చేసి జోజప్ప ఉండే వైపుకు ముఖం పెట్టుకుని కూర్చున్నాను.

"ఆయనది తీసిండ్రా అవ్వా?"

"తీసిండ్రు బిడ్డా."

"అయితే నాది గూడ తియ్యి."

అవ్వ నా జుట్టు నిమిరింది. "తియ్యవ్వా, జెల్ది! పాట ఒడుస్తున్నది" అన్నాను. అప్పుడు ఆమె నా అరచెయ్యి తెరిచి, అందులో ఏదో పెట్టి, నా వేళ్ళు దాని మీద మూసింది. మడతలు పడి, నా చెమటకు తడిసి, వేపాకు వాసన వేస్తున్న గుడ్డ.

నాకు అలా తెలిసింది. ఆమె నోటితో చెప్పలేకపోయింది.

బాపమ్మ రొమ్ము బాదుకోవడం మొదలుపెట్టింది. పాట ఒక్కొక్క గొంతే ఆగిపోయింది. నేను ఏడవలేదు. అవ్వ కేక కోసం చూస్తున్నాను. ఆ ఆదివారం వేసిన కేక. ఇప్పుడు లేచిపోయి ఆ బొమ్మను కింద పడేస్తుంది, ముక్కలు చేస్తుంది, చేయాలి కూడా అనుకున్నాను. నేనే చేసేదాన్ని, ఎటు ఉన్నాడో తెలిస్తే. గుడి అంతా ఊపిరి బిగబట్టుకుంది. వాళ్ళూ దానికే చూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

అవ్వ అరవలేదు. మోకాళ్ళ మీద అలాగే ఉండి నన్ను ఒడిలోకి లాక్కుంది. ఆమె చెంప నా చెంపకు తగిలింది, తడిగా ఉంది. పూజ అయిపోయే దాకా నన్ను ఒడిలోంచి దింపలేదు. అందరూ వెళ్ళిపోయారు. శౌరయ్య దగ్గరికొచ్చి నిలబడ్డాడు, ఏమీ అనలేదు. ఆయనకు వచ్చిన పని అదే కదా, ఏమీ అనకుండా ఉండడం.

"లే బిడ్డా, పోదాం" అంది అవ్వ.

"ఏడికి?"

"ఇంటికి."

"నాకు కనవడ్తలేదవ్వా" అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. వెక్కి వెక్కి ఏడ్చాను. "ఏం కనవడ్తలేదు. ఎట్ల రావాలె?"

"నాకు గూడ కనవడ్తలేదు బిడ్డా" అంది అవ్వ. "పా పోదాం."

లేచాను. నమ్మకం అంటే ఏంటో ఫాదర్లు ఇన్నేళ్ళుగా చెబుతున్నారు. నాకు ఇప్పటికీ సరిగ్గా ఎక్కదు. దేవుడి మీద నాకు కోపం పోలేదు, పోయిందని అబద్ధం చెప్పను. ఆ పొద్దున మా అవ్వ చెయ్యి వణికింది, అది నాకు తెలుసు. వణుకుతూనే నన్ను పట్టుకుంది. ఒక చేతిలో ఆమె చెయ్యి, ఇంకో చేతిలో ఆ గుడ్డ. బాపమ్మ ముక్కు చీదుకుంటూ వెనక వస్తోంది.

బండ్ల బాట మీద రాలిన చెరుకాకు కాళ్ళ కింద పెళపెళమంటోంది. ఎండ నెత్తి మీద తెలుస్తోంది, వెలుగు మాత్రం ఎక్కడా లేదు. ఒకచోట అవ్వ ఆగింది.

"గుంత ఉన్నది బిడ్డా. దాటు."

ఎంత గుంతో అడగలేదు. దాటాను.